అప్‌గ్రేడ్ చేస్తే ఇల్లంతా ఒకేసారి, లేదంటే అసలొద్దు

ఆఫీసులో నేర్చుకున్న మంచి అలవాట్లన్నీ ఇంటికి కూడా పనికొస్తాయనుకోవడం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకున్న ఒక జబ్బు. అందులో మొదటిది రోలింగ్ అప్‌గ్రేడ్. రెండొందల సర్వర్లుంటే ముందు రెండు మారుస్తాం, గ్రాఫులు చూస్తాం, కాఫీ తాగుతాం, మళ్ళీ చూస్తాం, ఏదీ తగలబడకపోతే ఇంకో ఇరవై మారుస్తాం. పాతవీ కొత్తవీ పక్కపక్కనే నడుస్తుంటాయి, కస్టమర్‌కి తెలియను కూడా తెలియదు. అక్కడ అది సరైన పద్ధతే, కాదనను. నాకు జీతం వచ్చేది దాని పుణ్యమే. కానీ ఇంట్లో టీవీ రికార్డ్ చేసుకునే మెషీన్ల మీద అదే ప్రయోగం చేస్తే మాత్రం కొంప మునుగుతుంది. ఇంట్లో నాలుగున్నా అయిదున్నా అన్నిటినీ కలిపి ఒకే మెషీన్ అనుకోవాలి. మారిస్తే ఒక్క రాత్రిలో అన్నీ మార్చాలి, కుదరకపోతే దేన్నీ ముట్టుకోకూడదు. ఇదీ నా వాదన. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి...

నేను మాట్లాడేది మిత్‌టీవీ గురించి. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కేబుల్ కంపెనీ ఇచ్చిన డబ్బాతో విసిగిపోయి ఐజాక్ రిచర్డ్స్ అనే ప్రోగ్రామర్ 2002లో మొదలుపెట్టిన ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు ఇది. టివో అంతకుముందే, 1999లోనే వచ్చింది కానీ అది ఒక డబ్బా, ఒక టీవీ లెక్క. మిత్‌టీవీ సంగతి వేరు. బ్యాకెండ్ అనే ప్రోగ్రాం రికార్డ్ చేస్తుంది, ఫ్రంటెండ్ అనే ప్రోగ్రాం చూపిస్తుంది. రెండూ వేర్వేరు మెషీన్లలో ఉండొచ్చు. బ్యాకెండ్లు కూడా ఒకటికంటే ఎక్కువ పెట్టుకోవచ్చు, ఒకటి మాస్టర్, మిగతావి స్లేవ్. అందరికీ కలిపి మైఎస్‌క్యూఎల్‌లోనో మరియాడీబీలోనో ఒకటే డేటాబేస్. చదువుతుంటేనే మీకు అర్థమై ఉంటుంది... ఇది టీవీ డబ్బా కాదు, బుల్లి డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్. ఆన్‌కాల్‌లో ఉండేది మాత్రం మీరొక్కరే :)

"ఈ రోజుల్లో యాంటెన్నా ఏంటి బాబూ" అని మొదటి కామెంట్ ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే చెప్పేస్తా. అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12 కల్లా అనలాగ్ ఆపేసి డిజిటల్‌కి మారిపోయాయి. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ ఇప్పటికీ గాల్లో ఫ్రీగా వస్తాయి, బొమ్మ కూడా శుభ్రంగా ఉంటుంది. మేముండే డాలస్ శివార్లలో అయితే స్టేషన్ల టవర్లు చాలావరకు సీడార్ హిల్ దగ్గరే ఉన్నాయి, యాంటెన్నా అటు తిప్పి పెడితే పని అయిపోతుంది. రికార్డ్ చేసుకుని తీరిగ్గా చూసుకోవడం నేరం కాదని సుప్రీంకోర్టు 1984లోనే సోనీ బీటామాక్స్ కేసులో 5-4తో తేల్చేసింది. కాబట్టి నైతికంగా కూడా నాకేం ఇబ్బంది లేదు.

మా ఇంట్లో ఉన్నది నేను మొదలుపెట్టింది కాదు. ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇండియాకి వెళ్ళిపోతున్న ఒక సీనియర్ అన్న మూవింగ్ సేల్‌లో రైస్ కుక్కర్, దోసె పెనం, చదువుకునే బల్లతో పాటు దీన్నీ అంటగట్టాడు. ("సోఫా కావాలంటే ఇది కూడా తీసుకోవాల్సిందే తమ్ముడూ!") తర్వాత హార్డ్‌వేర్ దాదాపు అంతా మారిపోయింది. ఇప్పుడు క్లోజెట్‌లో మాస్టర్ బ్యాకెండ్, దాని పక్కనే నాలుగు ట్యూనర్ల హెచ్‌డీహోమ్‌రన్ డబ్బా, అదనపు డిస్కుల కోసం ఇంకో పాత పీసీ స్లేవ్‌గా, హాల్లోనూ పడగ్గదిలోనూ టీవీల వెనక చెరో రాస్ప్‌బెర్రీ పై, ఇవి కాక నా ల్యాప్‌టాప్. మారనిది డేటాబేస్ ఒక్కటే. అది 2009 నుంచి ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కి ప్రయాణం చేస్తూనే ఉంది. అప్పటికి నేనింకా బడిలో ఉన్నాను.

సరే, అసలు విషయం. మొదటి చిక్కు ప్రోటోకాల్. ఫ్రంటెండ్ వెళ్ళి బ్యాకెండ్‌ని 6543 పోర్టులో పలకరించగానే ముందు చెప్పేది తన ప్రోటోకాల్ నంబరు. అవతల కూడా అదే నంబరు ఉంటే యాక్సెప్ట్, లేకపోతే రిజెక్ట్. అంతే. "కాస్త పాతదైతే ఏంలే, సర్దుకుపోదాం" లాంటి మాటలు ఉండవు. 0.27కి 77, 0.28కి 88, 29కి 91 (అవును, 0.28 తర్వాత సున్నా, చుక్క తీసేసి నేరుగా 29 అన్నారు). నంబరుతో పాటు ఒక సంకేతపదం కూడా చెప్పాలి. 91కి అది 'బజ్‌ఆఫ్', మన భాషలో దాదాపుగా "పోవోయ్" అన్నమాట. రాసినవాళ్ళకి మంచి హాస్యం ఉంది.

మన ఆఫీసు బుర్రకి ఇది మరీ మోటుగా కనిపిస్తుంది. "బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ తెలియదా వీళ్ళకి" అని నా స్నేహితులు చాలామంది తీసిపారేశారు. నేను ఒప్పుకోను. పాత ఫ్రంటెండూ కొత్త బ్యాకెండూ కలిసి పనిచెయ్యాలంటే ఎవరో ఒకరు ప్రతి జంటనీ టెస్ట్ చెయ్యాలి. ఆరు వెర్షన్లకి ముప్ఫై ఆరు జంటలు. జీతాలిచ్చే కంపెనీలో దానికొక టీమ్ ఉంటుంది. ఇక్కడ ఉన్నది శనివారాలు ఖర్చుపెట్టే కొద్దిమంది వాలంటీర్లు. టెస్ట్ చెయ్యనిదాన్ని "పనిచేస్తుందేమోలే" అని వదిలేసి, నీ రికార్డింగ్ సగంలో కత్తిరించి పారెయ్యడం కంటే గుమ్మంలోనే రిజెక్ట్ అనడం ఎంతో మర్యాద. మనం ఆఫీసులో రాసే సర్వీసులు కొన్ని ఇంత నిజాయితీగా ఉంటే ఎంత బాగుండునో!

రెండోది డేటాబేస్. సెట్టింగ్స్ టేబుల్‌లో డీబీ-స్కీమా-వెర్ అని ఒక విలువ ఉంటుంది. కొత్త మాస్టర్ బ్యాకెండ్ లేవగానే అది చూసి, పాతదైతే టేబుళ్ళన్నీ కొత్త ఆకారానికి మారుస్తుంది. ప్రోటోకాల్ నంబరు మారని అప్‌గ్రేడ్‌లో కూడా స్కీమా మారొచ్చు. వెనక్కి రావడానికి మాత్రం మెట్లు లేవు. పాత వెర్షన్‌కి వెళ్ళాలంటే ఒకటే దారి, మార్చకముందు తీసిన బ్యాకప్‌ని తిరిగి పెట్టుకోవడం. మార్చేముందు తనే ఒక బ్యాకప్ తీసుకుంటుంది, ఏమాటకామాట చెప్పుకోవాలి. కానీ అది పడేది అదే మెషీన్‌లో అదే డిస్కు మీద అయితే ఎవరికి ఉపయోగం?

మూడోది, ఎవరూ చెప్పనిది... ప్యాకేజీలు. ఉబుంటు మీద నడిచే మాస్టర్‌కి ఒకచోట నుంచి ప్యాకేజీ వస్తుంది, రాస్ప్‌బెర్రీ పైకి ఇంకోచోట నుంచి, లేదంటే మీరే కంపైల్ చేసుకోవాలి. ఈ రెండూ ఒకే రోజు తయారవుతాయన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వలేదు. మెషీన్‌కి మెషీన్ వేరుగా ఆటోమేటిక్ అప్‌డేట్ పెట్టుకుంటే, ఒకరోజు పొద్దున్నే లేచేసరికి ఇంట్లో సగం మెషీన్లు ఒక భాష, సగం ఇంకో భాష మాట్లాడుతుంటాయి. అందుకే మిత్‌టీవీ ప్యాకేజీలన్నిటికీ హోల్డ్ పెట్టాలి, డేటాబేస్ సర్వర్‌కి కూడా. సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం ఆటోమేటిక్‌గానే రానివ్వండి, వాటితో నాకు పేచీ లేదు.

పక్క టీమ్‌లో ఒక మిత్రుడున్నాడు, నాలాగే ఈ పిచ్చి ఉన్నవాడు. కొత్త వెర్షన్ బాగుందని విని ఒక శనివారం హాల్లో ఫ్రంటెండ్ ఒక్కదాన్నే మార్చాడు, "కానరీ" అట. సహజంగానే రిజెక్ట్. వెనక్కి వెళ్ళకుండా, ఎలాగూ మొదలెట్టాం కదా అని మాస్టర్‌ని కూడా మార్చేశాడు. స్కీమా మారిపోయింది, హాల్లో టీవీ పనిచేసింది, సంతోషం. గరాజ్‌లో ఉన్న స్లేవ్ పాత వెర్షన్‌లోనే ఉండిపోయింది. దాని ట్యూనర్ మాస్టర్‌కి ఇక కనబడదు. ఆదివారం ఒకే టైంలో రెండు ప్రోగ్రాంలు, అందుబాటులో ఉన్న ట్యూనర్ ఒకటి. షెడ్యూలర్ తన పని తాను చేసింది, ప్రయారిటీ ఎక్కువ ఉన్నదాన్ని రికార్డ్ చేసి రెండోదాన్ని వదిలేసింది. ఫుట్‌బాల్ మ్యాచ్ వచ్చింది, వాళ్ళావిడ వారం నుంచి ఎదురుచూస్తున్న సీరీస్ చివరి ఎపిసోడ్ పోయింది. లాగ్ ఫైల్లో ఎక్కడా ఎర్రర్ అనే మాట లేదు. సిస్టమ్ దృష్టిలో అన్నీ సవ్యంగానే జరిగాయి!

ఇక్కడే ఆఫీసుకీ ఇంటికీ అసలు తేడా. ఆఫీసులో డిప్లాయ్‌మెంట్ చెడితే రోల్‌బ్యాక్ చేస్తాం, క్యూలో ఉన్న మెసేజ్‌లు మళ్ళీ నడుస్తాయి, కస్టమర్ మళ్ళీ బటన్ నొక్కుతాడు. బ్రాడ్‌కాస్ట్‌కి రీట్రై లేదు. రాత్రి 8 గంటలకి గాల్లో వచ్చింది 8 గంటలకే వచ్చింది. ఆ గంట బ్యాకెండ్ పడుకుని ఉంటే ప్రపంచంలో ఉన్న బ్యాకప్‌లన్నీ పెట్టినా ఆ గంట రాదు. స్ట్రీమింగ్‌లో దొరుకుతుందిలే అంటారు, కొన్ని దొరుకుతాయి నిజమే. లోకల్ న్యూస్ దొరకదు. పీబీఎస్ లోకల్ స్టేషన్ వేసే మన జిల్లా కార్యక్రమాలు చాలావరకు దొరకవు.

లోకల్ న్యూస్ అంటే గుర్తొచ్చింది. నాకు ఈ మెషీన్ అమ్మిన అన్న ఒక్కటే షరతు పెట్టాడు. 2011 అక్టోబరులో ఇక్కడి ఒక స్టేషన్ వార్తల్లో బతుకమ్మ పండగ గురించి చిన్న ముక్క వచ్చింది. అందులో వదిన, రెండేళ్ళ పాప ఓ ఇరవై సెకన్లు కనిపిస్తారు. "అది తీసెయ్యకు, మిగతావి నీ ఇష్టం" అన్నాడు. కాపీ తీసి ఇచ్చాను కూడా, అయినా ఇక్కడ అలాగే ఉంచమన్నాడు. మరి ఆ ఫైలు పేరేమిటనుకున్నారు? బతుకమ్మ అని ఉండదు. చానల్ ఐడీ, ఒక గీత, తర్వాత తేదీ, టైము కలిపి పద్నాలుగు అంకెలు. అంతే. మిత్‌టీవీ రికార్డ్ చేసిన ప్రతి ఫైలూ ఇలాగే ఉంటుంది. ఏది పిల్లల ప్రోగ్రాం, ఏది మ్యాచ్, ఏది ఎవరి ఇంటి జ్ఞాపకం అన్నది డేటాబేస్‌కి మాత్రమే తెలుసు. యాంటెన్నా డిజిటల్ సిగ్నల్ ఒక చానల్‌కి సెకనుకి 19.39 మెగాబిట్లు, అంటే గంటకి గరిష్ఠంగా 8.7 జీబీ. నాలుగు టీబీ డిస్కులో తక్కువలో తక్కువ 450 గంటలు. డేటాబేస్ పోతే ఆ 450 గంటలూ పేరులేని అంకెలు. అందుకే అప్‌గ్రేడ్‌లో కాపాడుకోవాల్సింది వీడియో ఫైళ్ళని కాదు (వాటిని అప్‌గ్రేడ్ ముట్టుకోదు), కొన్ని వందల ఎంబీ కూడా ఉండని ఆ డేటాబేస్‌ని.

దాని చరిత్ర చూస్తే ఆ భయం ఊరికే పుట్టింది కాదని తెలుస్తుంది. 2009 నవంబరులో 0.22 వచ్చినప్పుడు క్యూటీ3 నుంచి క్యూటీ4కి మారారు, దాంతో పాటు అక్షరాల ఎన్‌కోడింగ్ కూడా సరిచేశారు. కొన్ని లినక్స్‌లలో మైఎస్‌క్యూఎల్ అప్పటికే యూటీఎఫ్-8 అనుకుని డేటా దాచి ఉంచింది, మిత్‌టీవీ ఏమో లాటిన్-1 అనుకుంది. రెండూ కలిసి అక్షరాలు రెండుసార్లు ఎన్‌కోడ్ అయి కూర్చున్నాయి. కొత్త వెర్షన్ అలాంటి డేటాబేస్‌ని చూసి "ఇది పాడైపోయింది, ముందు బాగుచేసుకుని రా" అని మొండికేసింది. తెలుగు మెయిళ్ళలో ప్రశ్నార్థకాలూ డబ్బాలూ చూసి పెరిగిన జాతి మనది, ఈ బాధ మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. అన్నకి రెండు వారాంతాలు పట్టిందట. తర్వాత 0.26లో టైములన్నీ యూటీసీలోకి మార్చారు. నవంబరులో గడియారం వెనక్కి తిప్పే రాత్రి ఒంటిగంట రెండుసార్లు వస్తుంది కదా, లోకల్ టైములో రాసుకుంటే ఏది ఏ ఒంటిగంటో తెలియదు. మంచి మార్పే. కానీ దానికి మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌జోన్ టేబుళ్ళు ముందే నింపి ఉండాలి, మామూలుగా అవి ఖాళీగా ఉంటాయి. విడుదల నోట్స్ చదివినవాళ్ళకి ఒక్క కమాండు పని, చదవనివాళ్ళకి ఒక రాత్రి.

ఇంత విన్నాక "అయితే అసలు అప్‌గ్రేడే వద్దు, నడుస్తున్న బండిని ఎందుకు కెలకడం" అనే వర్గం ఒకటి ఉంటుంది. నాకు వీళ్ళ మీద ఆటోమేటిక్ అప్‌డేట్ వాళ్ళకంటే ఎక్కువ కోపం. మీరు కదలకపోయినా మీ చుట్టూ ఉన్నవి కదులుతాయి. మిత్‌టీవీకి ప్రోగ్రాం గైడ్ ఫ్రీగా ఇచ్చిన జాప్2ఇట్ ల్యాబ్స్ 2007 సెప్టెంబరు 1న ఆపేసింది. అప్పుడు ఇలాంటి ప్రాజెక్టుల వాళ్ళే కలిసి షెడ్యూల్స్ డైరెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకున్నారు, చందా కట్టి వాడుకుంటాం. ఆ తర్వాత డేటా తెచ్చుకునే పద్ధతి కూడా మారింది. 31 వచ్చేసరికి పాత డేటాడైరెక్ట్ పద్ధతి పోయి ఎక్స్‌ఎమ్‌ఎల్‌టీవీ దారికి వచ్చారు. గైడ్ లేని రికార్డర్ అంటే పంచాంగం లేని పురోహితుడే. ఇంకా ఉబుంటు ఎల్‌టీఎస్‌కి స్టాండర్డ్ సపోర్ట్ అయిదేళ్ళే. మిత్‌బుంటు అని ప్రత్యేకంగా ఒక లినక్సే ఉండేది, అది 2016 నవంబరులో మూతపడింది. ఎనిమిదేళ్ళు కదలకుండా కూర్చుని ఒక్కసారి దూకితే ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్ సర్వర్, గైడ్, స్కీమా అన్నీ ఒకే రాత్రి మారతాయి. చెడితే దేనివల్ల చెడిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

మూడో వర్గం "ఇదంతా ఎందుకు, క్లౌడ్ డీవీఆర్ తీసుకో" అంటారు. అది కూడా అప్‌గ్రేడ్ సమస్యే, కాకపోతే అప్‌గ్రేడ్ ఎప్పుడు జరగాలో, ఏం పోవాలో మీరు కాకుండా ఇంకొకరు నిర్ణయిస్తారు. యూట్యూబ్ టీవీ ధర 2025 జనవరిలో నెలకి 82.99 డాలర్లయింది. రికార్డింగులు తొమ్మిది నెలలు ఉంటాయి. అదే సంవత్సరం అక్టోబరు 30న డిస్నీతో ఒప్పందం కుదరక ఏబీసీ, ఈఎస్‌పీఎన్ పోయినప్పుడు జనం అంతకుముందు రికార్డ్ చేసుకున్నవి కూడా కనబడకుండా పోయాయి. నవంబరు 14న రాజీ కుదిరేదాకా అంతే. ఆ రెండు వారాలూ యాంటెన్నా ఉన్నవాళ్ళకి ఏబీసీ వస్తూనే ఉంది. విండోస్ మీడియా సెంటర్ గురించి అయితే చెప్పక్కర్లేదు, 2015లో విండోస్ 10 రాగానే దాని కథ ముగిసింది.

కాబట్టి సంవత్సరానికి ఒకసారి, మనం ఎంచుకున్న రోజున, ఇల్లంతా. ఏ రోజు అన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం విడుదల తేదీలో లేదు, టీవీ క్యాలెండర్‌లో ఉంది. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫుట్‌బాల్, కొత్త సీరియల్స్, ఎవడూ ముట్టుకోకూడదు. మే నెలాఖరుకి సీజన్లన్నీ అయిపోతాయి. కానీ మన తెలుగు ఇళ్ళలో మే కూడా పనికిరాదు, ఎందుకంటే స్పెల్లింగ్ బీ ఉంది! 2022 నుంచి ఫైనల్స్ అయాన్ చానల్‌లో, అంటే యాంటెన్నాకి ఫ్రీగా వస్తున్నాయి. 2024లో 90 సెకన్లలో 29 పదాలు కరెక్టుగా చెప్పి గెలిచిన పన్నెండేళ్ళ కుర్రాడు మన తెలుగువాళ్ళ పిల్లాడే. ఆ రాత్రి రికార్డింగ్ పోయిందంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఇండియా నుంచి ఫోన్ చేసి మరీ తిడతారు. అందుకే నాకు జూన్ మొదటి రెండు వారాలు. ఈ మధ్య కొత్త వెర్షన్లు చలికాలం చివర్లో వస్తున్నాయి. జూన్ దాకా ఆగితే తొందరపడ్డవాళ్ళు కనిపెట్టిన తప్పులన్నీ ఫిక్సెస్ బ్రాంచ్‌లో సర్దుకుని ఉంటాయి. వాళ్ళకి ధన్యవాదాలు, వాళ్ళు లేకపోతే నా పద్ధతి నడవదు :)

ఆ రాత్రి నేను చేసేది చెప్తాను. వారం ముందే బ్యాకప్ తీసి ల్యాప్‌టాప్‌లో ఖాళీ మరియాడీబీలోకి ఎక్కించి చూస్తా. రికార్డెడ్ అనే టేబుల్‌లో ఎన్ని వరసలున్నాయి, డిస్కులో ఎన్ని ఫైళ్ళున్నాయి అని లెక్క పోల్చుకుంటా. ఎక్కించి చూడని బ్యాకప్ మీద నాకు నమ్మకం లేదు, ఆఫీసులో కూడా లేదు. కొత్త ప్యాకేజీలు అన్ని రకాల మెషీన్లకీ చేతిలో ఉన్నాయో లేదో ముందే దింపి పెట్టుకుంటా. ఒక్కదానికి లేకపోయినా ఆ వారం రద్దు. ఆ రోజు 6544 పోర్టులో బ్యాకెండ్ పేజీ తెరిస్తే రాబోయే రికార్డింగులు కనిపిస్తాయి, కనీసం ఆరు గంటల ఖాళీ ఉన్నచోట మొదలు. ముందు ఫ్రంటెండ్లన్నీ ఆపి, తర్వాత స్లేవ్, చివర మాస్టర్. ఆఖరి బ్యాకప్ ఇంకో మెషీన్‌లోకి. మాస్టర్ ఎస్‌ఎస్‌డీని ఇంకో ఎస్‌ఎస్‌డీ మీదకి క్లోన్ చేసి అసలుదాన్ని సొరుగులో పెడతా, పని అంతా క్లోన్ మీదే. లేపేటప్పుడు తిరగేసి, మాస్టర్ ముందు, ఒక్కటే. స్కీమా మారాక ఒక పాతదాన్ని ప్లే చేసి, కొత్తదాన్ని ఒక అయిదు నిమిషాలు రికార్డ్ చేసి, అప్పుడు స్లేవ్, ఫ్రంటెండ్లు.

రెండు జాగ్రత్తలు మాత్రం. ఒకటి, ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేసినా హోస్ట్‌నేమ్ మార్చకండి. రికార్డింగులూ సెట్టింగులూ డేటాబేస్‌లో హోస్ట్‌నేమ్‌కే కట్టేసి ఉంటాయి, పేరు మారితే ఫైళ్ళు అక్కడే ఉన్నా "ఎవరివో ఇవి" అంటుంది. (మార్చక తప్పకపోతే రీస్టోర్ స్క్రిప్ట్‌లోనే దానికి ఒక ఆప్షన్ ఉంది.) రెండోది, వెనక్కి వెళ్ళాలా వద్దా అన్నది ఆ రాత్రే తేల్చుకోవాలి. సొరుగులో ఎస్‌ఎస్‌డీ ఉంది కదా అని ధైర్యంగా నాలుగు రోజులు ఊరుకుంటే, ఆ నాలుగు రోజుల రికార్డింగుల సంగతి పాత డేటాబేస్‌కి తెలియదు. ఫైళ్ళుంటాయి, పేర్లుండవు. రోల్‌బ్యాక్ గడువుని గంటల్లో కాదు, రికార్డింగుల్లో కొలవాలి.

ఇదంతా తగ్గించుకునే దారి ఒకటి లేకపోలేదు. ఫ్రంటెండ్లని మిత్‌టీవీవి కాకుండా వేరేవి పెట్టుకోవడం. కోడిలో ఉన్న మిత్‌టీవీ యాడ్-ఆన్ కొన్ని పాత ప్రోటోకాల్ నంబర్లని కూడా అర్థం చేసుకుంటుంది. ఆండ్రాయిడ్ టీవీలకి లీన్‌ఫ్రంట్ అనే యాప్ ఉంది, అది బ్యాకెండ్ సర్వీస్ ఏపీఐతో మాట్లాడుతుంది, డేటాబేస్ జోలికి పోదు. వీటితో అయితే బ్యాకెండ్‌తో పాటే అదే రాత్రి మార్చాల్సిన అవసరం చాలావరకు తగ్గిపోతుంది. పడగ్గదిలో టీవీకి నేను ఇప్పటికే అలా మార్చాను. హాల్లో మాత్రం అసలు ఫ్రంటెండే ఉంచాను. యాడ్స్ దాటించే బటన్ మా అమ్మ వచ్చినప్పుడు ఆరు నెలలు కష్టపడి నేర్చుకుంది, ఇప్పుడు రిమోట్ మారిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక స్లేవ్. పాత కార్డుల కాలంలో ట్యూనర్లన్నీ ఒక పీసీలో పట్టక రెండో బ్యాకెండ్ పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ట్యూనర్లు నెట్‌వర్క్ డబ్బాలో ఉన్నాయి, ఆ అవసరం పోయింది. మా స్లేవ్ ఉన్నది రెండు డిస్కుల కోసం మాత్రమే. వచ్చే జూన్‌లో మాస్టర్‌లో పెద్ద డిస్కు పెట్టి, అందులోవన్నీ ఇటు తెచ్చేసి దాన్ని తీసేద్దామనుకుంటున్నా. క్లోజెట్‌లో ఆ చోటు ఖాళీ అవుతుందని మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, చెప్తే రేపే తీసెయ్యమంటుంది...